గెనాడెండాలా, కురుమానా: ఒక్కటే చూసే వీలుంటే ఏది మేలు?

దక్షిణాఫ్రికాలో క్రైస్తవ మిషనరీలు వెలయించిన పాత మిషన్ ఊళ్లంటే ముందుగా వినిపించే పేర్లలో ఈ రెండూ ఉంటాయి. దూరం సంగతి తేల్చేద్దాం: గెనాడెండాల్ కేప్‌టౌన్ నుంచి కారులో రెండు గంటలలోపే, కురుమాన్ కలహారి ఎడారి అంచున, జొహానెస్‌బర్గ్ నుంచైనా ఆరేడు గంటలు.

నా ఓటు గెనాడెండాల్‌కే, దగ్గరని మాత్రం కాదు. 1738లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీ జార్జ్ ష్మిట్ అక్కడి మూలవాసులైన ఖోయి జనం మధ్య మకాం పెట్టి ఐదుగురికి బాప్తిస్మం ఇచ్చాడు, ఇచ్చే అధికారం నీకెక్కడిదని కేప్‌లోని డచ్ పాస్టర్లు గొడవకు దిగితే 1744లో వెళ్లిపోయాడు. 1792లో మరో ముగ్గురు మిషనరీలు వచ్చేసరికి ఆ ఐదుగురిలో ఒకావిడ, మాగ్డలీనా, ముసలిదై కూడా, ఆయనిచ్చిన డచ్ కొత్త నిబంధనను గొర్రెతోలులో చుట్టి దాచుకునే ఉంది! తనకు చూపు ఆనక ఓ పడుచుపిల్ల చేత చదివించింది. ఆ ఊరు నిలబడింది ఈవిడ వల్లే అంటాను. దేశంలో మొదటి టీచర్ ట్రైనింగ్ కాలేజీ 1838లో వెలిసిందీ ఇక్కడే. 1995లో మండేలా కేప్‌టౌన్‌లోని తన అధికార నివాసానికి ఈ ఊరి పేరే పెట్టుకున్నాడు.

అయితే భాష దగ్గరకొస్తే గెనాడెండాల్ ఓడిపోతుంది. బడి, చర్చి డచ్‌లో నడిచాయి, ఖోయి భాష పోయింది, ఇప్పుడు ఊరంతా ఆఫ్రికాన్స్. కురుమాన్‌లో మిషనరీ రాబర్ట్ మోఫట్ అందుకు పూర్తిగా భిన్నం: అక్కడి స్వానా జనం భాష సెట్స్వానా నేర్చుకుని, 1831లో ప్రెస్ తెప్పించి, 1857కల్లా ఆ భాషలో మొత్తం బైబిల్ అచ్చువేశాడు. ఆ ప్రెస్ ఇప్పుడు అక్కడుంది. (ఆయన్ని పంపిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లే 1805లో మన విశాఖకొచ్చి తెలుగులో సువార్తల పని మొదలెట్టారు.) ఆఫ్రికా అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్, మోఫట్ కూతురికి ప్రపోజ్ చేశాడనే బాదం చెట్టు మొద్దు కూడా చూపిస్తారు, నాకైతే పెద్ద ఆసక్తి లేదు.

కానీ వర్ణవివక్ష కాలంలో ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టంతో కురుమాన్ చర్చి జనాన్ని అక్కణ్ణుంచి తరిమేశారు. మిగిలింది ఎక్కువగా కట్టడాలే. గెనాడెండాల్‌లో ఆ పాత కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉంటున్నారు, వాళ్లతో కబుర్లాడొచ్చు.

భాషలు, అచ్చు చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం కురుమానే వెళ్లండి. ఊళ్లోని ఊట కూడా చూడండి, అంత ఎండ నేలలో రోజుకు దాదాపు రెండు కోట్ల లీటర్ల నీళ్లు వస్తాయి.