అరచేతిలో ఇమిడే ఆడియో బైబిలు పెట్టె: పది నెలల వాడకం తరువాత

బరంపురంలో క్రైస్తవ పుస్తకాలు అమ్మే ఒక దుకాణంలో పది నెలల క్రితం 1,650 రూపాయలు పెట్టి ఈ ఆడియో బైబిలు పెట్టెను కొన్నాను. సబ్బు పెట్టె కంటె కాస్త పెద్దది. ముందువైపు స్పీకరు, దాని కింద సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెల మీటలు, పైన ఎర్రటి అంకెలు వెలిగే చిన్న తెర, పక్కన మెమరీ కార్డుకూ ఇయర్‌ఫోనుకూ ఛార్జింగుకూ మూడు కన్నాలు ఉన్నాయి. పెట్టెతో వచ్చిన కార్డులో తెలుగు బైబిలు మొత్తం, అంటే 66 గ్రంథాలు 1,189 అధ్యాయాలుగా, అధ్యాయానికొక ఫైలు చొప్పున ఉంది. రెండో కార్డులో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలనే పాటల పుస్తకంలో నుంచి ఏరిన పాటలు కొన్ని ఉన్నాయి. పరికరం పేరు, దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే నమూనా వేరువేరు పేర్లతో చాలాచోట్ల కనబడుతోంది కనుక పేరు కంటె లక్షణాలు తెలిస్తేనే కొనేవారికి ఉపయోగం.

ఫోనులో బైబిలు యాప్ ఉచితంగా దొరుకుతుండగా దీనికి డబ్బు ఎందుకు పెట్టావని నా స్నేహితురాలు అడిగింది. మాది పర్లాకిమిడి. నాకు ముప్ఫై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేస్తున్నాను, అమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి అమ్మానాన్నలతోనే ఉంటున్నాను. మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను తెర వెలిగితే అది వాక్యం కోసమని ఎవరూ అనుకోరు. పెళ్లికాని కూతురి చేతిలో చీకట్లో వెలిగే ఫోనుకు మా వీధిలో ఒకే అర్థం ఉంది, నాన్నగారికి కూడా అదే అర్థం. ఫోను తెరలా వెలగని, ఎవరికీ ఫోను చేయలేని, ఎవరి దగ్గర నుంచీ సందేశం రాని ఒక వస్తువు నాకు కావలసి వచ్చింది. ఆ ఒక్క లెక్కలో ఈ పెట్టె నా డబ్బుకు న్యాయం చేసింది.

మొదట దీని అతి పెద్ద లోపం చెప్పాలి. మీట నొక్కగానే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "పవర్ ఆన్" అని ప్రకటిస్తుంది. శబ్దం ఎంత తగ్గించి ఆపినా ఆ ప్రకటన మాత్రం తన స్థాయిలో తాను వస్తుంది. ఇయర్‌ఫోను గుచ్చి ఉన్నా స్పీకరులో నుంచే వస్తుంది. తయారుచేసినవారు దీన్ని కుటుంబ ప్రార్థన జరిగే ఇంటి కోసం, అందరూ చాప మీద కూర్చుని వినే ఇంటి కోసం చేసి ఉంటారు. మాది రేకుల ఇల్లు, మూడు గదులు ఒకే వరసలో ఉంటాయి, మధ్య గోడలు పైకప్పు దాకా వెళ్లవు. మొదటి రోజు ఆ గొంతు వినగానే అవతలి గది నుంచి, "ఏటే అమ్మీ, ఎవర్తే అది ఇంట్లోకొచ్చింది?" అని నాన్నగారు కేకేశారు. మరునాటి నుంచి నేను వంటగదిలోకి వెళ్లి, పెట్టెను బియ్యం డబ్బాలో మణికట్టు మునిగేదాకా దించి, వేళ్లతో తడుముకుని మీట నొక్కడం మొదలుపెట్టాను. బియ్యంలో ఆ గొంతు దాదాపు పూర్తిగా అణిగిపోతుంది. సగం డబ్బా కంటె తక్కువ బియ్యం ఉన్న రోజుల్లో అంత బాగా అణగదు.

నాన్నగారు నాస్తికులు కారు, వేరే మతస్థులూ కారు. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన తరువాత మా ఊళ్లో తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియా మాధ్యమంలోనే చదువుకున్నారు, నేనూ అంతే. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది నాన్నగారే, అదీ బైబిలు ముందు పెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తూ. నా తెలుగు ఇలా పుస్తకాల తెలుగుగా ఉండడానికి కారణం అదే. ఆయన చాలా ఏళ్లు మా చర్చి సంఘానికి పెద్దగా ఉండి, ఆ గుడి కట్టడపు లెక్కల విషయంలో మాటపడి, ఆ అవమానంతో బయటికి వచ్చేశారు. అప్పటి నుంచి పాదిరిగారు మా గడప తొక్కకూడదు, ఇంట్లో పాట వినబడకూడదు. ఆదివారం ఉదయం నేను చీర మార్చుకునే వేళకే ఆయనకు గ్యాసు బండ, బీపీ మాత్రలు, పాతపట్నంలో ఉన్న బంధువుకు ఇవ్వవలసిన కాగితాలు గుర్తుకు వస్తాయి. అమ్మ మంచం మీద నుంచి, "నన్నిలా ఒగ్గేసి గుడికెల్తావేటే" అంటుంది. పెట్టెలోని గ్రంథం వీరిద్దరికీ నా కంటె బాగా వచ్చు, మా ఇంటి చిక్కు అక్కడే ఉంది.

ఈ చిక్కుకు పెట్టెలోని రెండో లోపమే మందుగా పనిచేసిందంటే వింతగా ఉంటుంది. ఆపిన చోటును ఇది గుర్తుపెట్టుకోదు. ఎప్పుడు వెలిగించినా ఆదికాండం ఒకటో అధ్యాయంతో మొదలుపెడుతుంది. మొదటి వారంలో లోకసృష్టి నేను పదిసార్లకు పైగా విన్నాను. దీనికి విరుగుడు అంకెల మీటలు. అధ్యాయం వరస సంఖ్య నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది. అయితే ఏ అధ్యాయం ఏ సంఖ్యలో ఉందో చెప్పే పట్టిక పెట్టెతో రాలేదు, కనుక గ్రంథాల అధ్యాయాలను నేనే కూడుకుంటూ ఒక చీటీ రాసుకున్నాను. కీర్తనల గ్రంథం 479 దగ్గర మొదలవుతుంది, మత్తయి సువార్త 930 దగ్గర. ఇలా లెక్కించేటప్పుడు యోబు 42 అధ్యాయాలన్న సంగతి మరిచిపోయి ఒక సాయంత్రమంతా తప్పుడు సంఖ్యలు రాసుకున్నాను.

అలా ఏ రోజు ఏ అధ్యాయం వినాలో నేనే ఎంచుకోవలసి వచ్చింది. ఆ చీటీలో ఎక్కువగా నలిగిన సంఖ్యలు మూడు. 505 అంటే ఇరవై ఏడో కీర్తన, తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడన్న మాట ఉన్నది. దాన్ని మొదట్లో ప్రతిరోజూ విన్నాను; విన్నకొద్దీ నాకు ఒక సంగతి తోచింది, మావాళ్లు నన్ను విడవలేదు, విడవకపోవడమే ఇక్కడి సమస్య, కనుక ఆ కీర్తనను నా గురించి రాసినట్టు వినడం మానేశాను. 1103 అంటే ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఆరో అధ్యాయం. పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న దాని మొదటి వచనాన్ని అమ్మ నా మీద ఎన్నిసార్లు ప్రయోగించిందో లెక్కలేదు. పుస్తకం చేతిలో ఉంటే నేను ఆ వచనం దగ్గరే ఆగి, నొచ్చుకుని, మూసేసేదాన్ని. పెట్టె ఆగదు. అదే గొంతుతో, అదే వేగంతో నాలుగో వచనానికి వచ్చి, తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని చదివి, దాసుల సంగతికి వెళ్లిపోతుంది. ఈ నాలుగో వచనాన్ని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అది తెలిసి ఉండడం వేరు, అమ్మ మీదికి విసరడం వేరు.

మూడోది 964, మార్కు ఏడో అధ్యాయం. నా జీతంలో సగానికి పైగా ఇంటికి ఇస్తాను, మిగిలిన దానిలో నుంచి సంఘానికి దశమభాగం ఇస్తాను. నాన్నగారికి అది తెలిసిన రోజు ఆయన అరవలేదు, ఒక్క మాట అన్నారు: "కొర్బాను." తల్లిదండ్రులకు అందవలసిన దాన్ని దేవునికి అర్పితమని చెప్పి ఎగవేసే ఆచారాన్ని యేసు మందలించిన చోటు అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున 964 నొక్కి అధ్యాయం చివరి దాకా విన్నాను, చేతులు కడుక్కోవడం మీద మొదలైన వాదం నుంచి చెవిటివాని నోరు తెరుచుకునే దాకా. ఆయన మాటలో సగం న్యాయం ఉంది. అమ్మకు కాలు చెయ్యి ఆడించే ఫిజియోథెరపిస్టుకు రెండు నెలల బాకీ ఉందన్న సంగతి నాకు తెలుసు. బాకీ తీర్చాను, ఆ రెండు నెలలు సంఘానికి తక్కువ ఇచ్చాను, తరువాత మళ్లీ మొదలుపెట్టాను. నాన్నగారికి ఈ రెండో సంగతి చెప్పలేదు, అడగనూ లేదు ఆయన.

చదివిన గొంతు విషయానికి వస్తే, ఒక మగ గొంతు, స్పష్టంగా, పాత అనువాదపు గ్రాంథిక తెలుగును తొందర లేకుండా చదువుతుంది. కాని కొన్ని అధ్యాయాల్లో ఉన్నట్టుండి గాలి, గుర్రాలు, జనం అరుపులు కలిపారు, అవి చదువు కంటె రెట్టింపు శబ్దంతో ఉంటాయి. ఒకసారి ఇయర్‌ఫోను ఊడి ఉందని గమనించకుండా 956, అంటే మత్తయి ఇరవై ఏడు పెట్టాను. బరబ్బ అనే ఖైదీని విడిచి యేసును సిలువ వేయమని జనమంతా ఒక్కపెట్టున అరిచారు. "పొద్దున్నే ఎవర్ని సిలువేస్తన్నారే?" అని అవతలి నుంచి నాన్నగారి గొంతు వచ్చింది. నేను నవ్వాపుకోలేకపోయాను, ఆయన కూడా ఆ రోజు మరేమీ అనలేదు.

ఇయర్‌ఫోను గురించి ఒక హెచ్చరిక. రెండు చెవుల్లో పెట్టుకుంటే అమ్మ పిలిచినా వినబడదు. పిలిచిన వెంటనే పలకకపోతే ఆ రోజంతా నా ప్రార్థన జీవితం మీద విచారణ జరుగుతుంది. ఒక చెవిలోనే పెట్టుకోవాలి. ఒక చెవిలో పెట్టుకుంటే ఈ రికార్డింగులో కొన్ని మాటలు పోతాయి, ఎందుకంటే సంగీతం ఒకవైపూ చదువు మరోవైపూ వచ్చేలా కలిపారు. ఎడమ చెవిదే వాడండి.

పాటల కార్డు నాకు నచ్చలేదు. నిదానంగా పాడవలసిన కీర్తనలను కీబోర్డు మీద పరుగెత్తించారు. ఈ సంగతిలో నాన్నగారూ నేనూ ఏకమయ్యాం. తలుపు దగ్గర నిలబడి ఒక చరణం విని, "అది చౌదరిగారి కీర్తనే, ఇలా తగలేశారేటి" అన్నారు. పురుషోత్తమ చౌదరి 1803లో మా పర్లాకిమిడి దగ్గరి మదనాపురంలోనే పుట్టారు. ఆయన క్రైస్తవుడైనప్పుడు ముందుగా దూరమైంది ఇంటివాళ్లేనని నా చిన్నప్పుడు చెప్పింది కూడా నాన్నగారే. ఆ మాట ఇప్పుడు ఆయనకు గుర్తుందో లేదో. ఆ చరణాన్ని సరైన నడకలో ఒక్కసారి గొణిగి వెళ్లిపోయారు.

ఛార్జింగు మొదట్లో ఆరేడు గంటలు వచ్చేది, ఎనిమిదో నెలకు రెండు గంటలకు పడిపోయింది. లోపల ఉన్నది పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీ కనుక ఏ మొబైలు రిపేరు కొట్టులోనైనా దొరుకుతుంది, నాకు 150 రూపాయలు అయింది. కొన్న దుకాణంవారు ఆరు నెలల గ్యారంటీ కాగితం ఇచ్చారు కాని, ఇయర్‌ఫోను కన్నం వదులైందని ఐదో నెలలో ఫోను చేస్తే బరంపురం తీసుకురమ్మన్నారు. రానుపోను ఒక రోజు సెలవు పెట్టాలి, ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నానో ఇంట్లో చెప్పాలి. వెళ్లలేదు.

అందరూ కలిసి వినే ఇల్లయితే లోపాలన్నీ పోను ఇది మంచి వస్తువే, ముఖ్యంగా తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని మా సరిహద్దు ఊళ్ల పెద్దవాళ్లకు. నాలాంటి ఇంట్లో ఉన్నవారు మాత్రం డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే ఇయర్‌ఫోను గుచ్చి, ఆన్ చేసి, స్పీకరు పలుకుతుందో లేదో చూసుకోండి. పలకని నమూనా దొరికితే రెండు వందలు ఎక్కువైనా దాన్నే కొనండి.

బ్యాటరీ మార్చడానికి ఇచ్చినప్పుడే ఇయర్‌ఫోను కన్నం కూడా చూడమన్నాను. ఆ అబ్బాయి సూదితో కెలికి, లోపలి నుంచి ఒక బియ్యపు గింజను తీసి అద్దాల బల్ల మీద పెట్టి, "నీట్లో పడిపోనాదేటి అక్కా, బియ్యంలో ఎట్టారు?" అని అడిగాడు. కాదు బాబూ అన్నాను.