చిన్న సీఎన్‌సీకి టచ్ ప్రోబ్: పాత తలుపు మీది పద్మాన్ని స్కాన్ చేయగలిగిందా?

చేయగలిగింది, అదీ నేను అనుకున్నదానికంటే బాగా. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ చెప్పినట్టు కట్టర్‌ని నడిపి చెక్కే మెషీన్, టచ్ ప్రోబ్ అంటే ఆ కట్టర్ చోట బిగించి, వస్తువుని ముట్టించి కొలిచే పరికరం. ఫోన్‌తో ఫొటోలు తీసి త్రీడీ మోడల్ కట్టుకునే యాప్‌లు ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతున్నారు. ఆ యాప్‌లు నేనూ వాడతాను. బొమ్మ చుట్టూ మొత్తం కావాలంటే అవే నయం. కానీ పాలిష్ పట్టిన టేకు, మెరిసే ఇత్తడి, ఒకే రంగులో నున్నగా ఉన్న చెక్క ముందు అవి తడబడతాయి. ప్రోబ్‌కి రంగుతో, మెరుపుతో పని లేదు, ముట్టుకుని ఎత్తు రాసుకుని పక్కకు జరుగుతుంది, అంతే.

నేను తీసుకున్నది బ్రాండ్ పేరు కూడా లేని వైరు ప్రోబ్, ఆన్‌లైన్‌లో కొన్నాను. లోపల మూడు చిన్న కడ్డీలు, ఒక్కో కడ్డీ రెండేసి గుండ్ల మధ్య కూర్చుని ఉంటుంది, పైన స్ప్రింగ్. కొన దేనికైనా తగిలి కదిలితే ఒక కడ్డీ లేస్తుంది, సర్క్యూట్ తెగుతుంది, వదిలేస్తే మళ్లీ సరిగ్గా పాత చోటికే వచ్చి కూర్చుంటుంది. 1970ల మొదట్లో రోల్స్ రాయిస్‌లో పనిచేస్తూ డేవిడ్ మెక్‌మర్ట్రీ కాంకార్డ్ విమానం ఇంజిన్ పైపులు కొలవడానికి కనిపెట్టింది ఈ సూత్రాన్నే, 1973లో రెనిషా కంపెనీ దాని మీదే మొదలైంది. నా దగ్గరున్నది ఆ స్థాయి సరుకు కాదు, అయినా ఒకే బిందువుని మళ్లీ మళ్లీ ముట్టించి చూస్తే తేడా 0.02 మి.మీ. దాటలేదు. చెక్కపనికి ఇంతకంటే ఏం కావాలి?

బిగించడానికి స్పిండిల్‌కి (కట్టర్‌ని తిప్పే మోటారు) ఈఆర్11 కాలెట్ (కాడని పట్టుకునే బిగింపు) ఉండాలి, ప్రోబ్ కాడ 6 మి.మీ. కాబట్టి ఆ సైజు కాలెట్ కూడా కావాలి. ఆటోనగర్‌లో లేత్ దగ్గర అన్నకి చూపిస్తే, "ఆరు మిల్లీ కాలెట్ ఉంటే చాలు తమ్ముడూ, కాడ తిప్పించే పని లేదు" అన్నాడు. డబ్బు వచ్చే పనిని తనే వద్దన్నాడు, ఆటోనగర్‌లో ఇలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే నాలాంటివాళ్ల పనులు నడుస్తున్నాయి.

వైరింగ్ సులువు. జీఆర్‌బీఎల్ (చిన్న సీఎన్‌సీలని నడిపే సాఫ్ట్‌వేర్) బోర్డులో ఏ5 పిన్‌కి ఒక తీగ, గ్రౌండ్‌కి ఒకటి. తగలనప్పుడు సర్క్యూట్ కలిసే ఉంటుంది కాబట్టి సెట్టింగుల్లో $6=1 (ప్రోబ్ సిగ్నల్‌ని తిరగేసి చదవమని) పెట్టాలి, లేకపోతే మొదటి ప్రోబ్ కమాండ్‌కే అలారం 4 వస్తుంది. దీంతో వచ్చిన వైరు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, సన్నగా ఉంది, షీల్డ్ లేదు, స్టెప్పర్ మోటార్ల వైర్ల పక్కన వేస్తే గాలిలోనే తగిలినట్టు చెప్పేది. షీల్డ్ వైరు మార్చి, పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాక ఆ గొడవ పోయింది.

ఇక అసలు పని. గుంటూరు నుంచి ఒకాయన పాత ఇంటి తలుపులు తెచ్చారు, ప్రతి పలక మీదా ఒక పద్మం, కొన్ని పూర్తిగా విరిగిపోయాయి, ఒకటి బాగుంది. 60 మి.మీ. చదరం, ఎత్తు తక్కువ. మిల్లీమీటరుకి ఒక బిందువు చొప్పున 61 వరసలు, వరసకి 61, అంటే 3,721 బిందువులు. బిందువుకి రెండు సెకన్లు వేసుకుంటే రెండు గంటలు దాటుతుంది. అదే అర మిల్లీ చొప్పున తీస్తే 14,641 బిందువులు, ఎనిమిది గంటలు. నెమ్మది, అందులో అనుమానం లేదు. కిందకి దిగే కదలికకి జీ38.3 (తగిలితే ఆగమనే కమాండ్) వాడండి, ఏమీ తగలకపోయినా అలారం రాకుండా ముందుకు పోతుంది. పక్కకు జరిగేటప్పుడూ అదే వాడండి, ఎత్తుగా ఉన్న రేక అడ్డం వస్తే ఆగుతుంది, కొన వంగదు. లైనక్స్‌సీఎన్‌సీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి గ్రిడ్‌ప్రోబ్ అనే నమూనా ఫైలు దానితోనే వస్తుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. ప్రోబ్ రాసుకునేది చెక్క ఉపరితలాన్ని కాదు, తన కొనలోని గుండు ఉన్న చోటుని. అంటే వచ్చే ఆకారం గుండు వ్యాసార్థం మేర ఉబ్బి ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సరిదిద్దాలి. కానీ కొన 2 మి.మీ. గుండు అయి, చెక్కే కట్టర్ కూడా 2 మి.మీ. బాల్ నోస్ (కొన గుండ్రంగా ఉన్నది) అయితే సరిదిద్దే పనే లేదు! గుండు నడిచిన దారే కట్టర్ నడవాల్సిన దారి. ఆ బిందువుల్ని వరసగా జీ1 (తిన్నగా జరగమనే కమాండ్) కదలికలుగా రాసి నేరుగా మెషీన్‌కి ఇచ్చాను, మధ్యలో మెష్ లేదు, క్యాడ్ లేదు. వరసకీ వరసకీ మిల్లీమీటరు దూరం ఉంటే మధ్య మిగిలే గట్టు 0.13 మి.మీ., ఉప్పుకాగితంతో పోతుంది. అర మిల్లీకి అది 0.03 దాకా దిగుతుంది. పద్మం రేకులు అసలుకి సరిపోయాయి, ఆయన రెండూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూసుకున్నారు.

పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. పైనుంచి కనిపించనిది ఇది తీయలేదు. కొండపల్లి అంబారీ ఏనుగు పెడితే వీపు వస్తుంది, పొట్ట కింద రాదు. ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి మెత్తటి చెక్క, దానిమీద రంగు వేసిన బొమ్మని వేలసార్లు పొడిపించడం నాకిష్టం లేదు. గుండు కంటే సన్నటి గీతల్లోకి కొన దిగదు. నిటారు గోడల దగ్గర గుండు జారి ఎత్తు తప్పుతుంది.

మన ఎండల్లో ఇంకో సంగతి, 300 మి.మీ. అల్యూమినియం ఫ్రేమ్ పది డిగ్రీలు వేడెక్కితే 0.07 మి.మీ. సాగుతుంది, అందుకే మే నెలలో పెద్ద స్కాన్లు రాత్రి పెట్టుకోండి. కరెంటు పోతే మెషీన్ తన చోటు మర్చిపోతుంది కాబట్టి యూపీఎస్ లాప్‌టాప్‌కి మాత్రమే కాదు, మెషీన్‌కీ ఉండాలి.

నేనైతే ఐదుకి నాలుగిస్తాను, ఒకటి తగ్గించింది ఆ వైరు వల్లే. కొనేవాళ్లు మీ దగ్గరున్న బాల్ నోస్ కట్టర్ల సైజులు ముందు చూసుకుని, అదే వ్యాసం ఉన్న కొనలు విడిగా ఒకటి రెండు ఎక్కువే తెప్పించుకోండి.