ఇన్‌స్టానా, లింక్డ్‌ఇన్నా, సొంత సైటా: హైదరాబాద్‌లో మీ పేరుకి ఏది మేలు?

హైదరాబాద్‌లో పని ఇప్పటికీ నోటిమాట మీదే దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "పిల్లలకి వీణ నేర్పేవాళ్ళు ఎవరైనా తెలుసా అండీ" అని ఒకరు అడుగుతారు. ఇద్దరు ముగ్గురు పేర్లు చెప్తారు, ఒకరు నంబరు పెడతారు. హైటెక్ సిటీ ఆఫీసుల్లోనూ రిఫరల్ ఉంటేనే రెజ్యూమె త్వరగా కదులుతుంది. అయితే పేరు విన్నాక, ఫోన్ చేసే ముందు, ఇప్పుడు జనం మధ్యలో ఇంకో పని చేస్తున్నారు. ఆ పేరు గూగుల్‌లో కొట్టి చూస్తున్నారు.

ఆన్‌లైన్‌లో ఉండాలనుకునేవాళ్ళు ముందు ఒక తేడా గమనించాలి. మీరెవరో తెలియనివాళ్ళ కంట్లో పడటం ఒక పని. మీ పేరు విని వెతికినవాళ్ళకి సరిగ్గా దొరకడం ఇంకో పని. మొదటిదానికి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ పనికొస్తాయి. రెండోదానికి లింక్డ్‌ఇన్, గూగుల్ మ్యాప్స్, సొంత వెబ్‌సైటు. ఈ ఊళ్ళో ఎక్కువమందికి అవసరం రెండోది, కష్టపడేది మాత్రం మొదటిదాని కోసం అని నా అభిప్రాయం.

ఇన్‌స్టా: కంటితో కొనే పనులకి

అందరూ మొదలుపెట్టేది ఇక్కడే. కూకట్‌పల్లిలో ఇంట్లో కేకులు చేసే ఆవిడకి, మెహందీ పెట్టేవాళ్ళకి, బ్లౌజులకి మగ్గం వర్క్ చేసేవాళ్ళకి, పెళ్ళి ఫోటోగ్రాఫర్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఫోటో చూడగానే కొనేవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేస్తారు, అక్కడే మెసేజ్ పెడతారు. పైసా ఖర్చు లేదు. ఇలాంటివాళ్ళు ముందు వెబ్‌సైటు కట్టించుకుని ఇన్‌స్టాని తర్వాత చూద్దాంలే అనుకుంటే నేను వద్దనే చెప్తాను.

అదే ఒక సంగీతం టీచరు, ఒక అనువాదకుడు, ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ అయితే లెక్క మారిపోతుంది. వాళ్ళ పని ఫోటోలో పట్టదు. పైగా రీల్స్ ఆపితే పేజీ చూసేవాళ్ళూ తగ్గిపోతారు. పాఠం చెప్పాల్సిన మనిషి ఏ పాటకి పెదాలు కదపాలా అని టెన్షన్ పడుతూ కూర్చుంటుంది. మూడేళ్ళ కిందట పెట్టిన మంచి పోస్టు కావాలంటే వేలితో కిందికి లాగుతూనే ఉండాలి. క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు, బయోలో పెట్టుకునే లింకులు ఐదే. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది లాగిన్. ఖాతా లేనివాళ్ళు మీ పేజీ తెరిస్తే కొంత చూపించి, ఆ తర్వాత లాగిన్ అవమంటుంది. పిల్లని సంగీతం క్లాసులో చేర్పించాలా వద్దా అని తేల్చేది ఇంట్లో తాతగారైతే, ఆయన అక్కడే ఆగిపోతారు.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. కవిత్వాన్నీ కొటేషన్లనీ బొమ్మ మీద అక్షరాలుగా పెట్టి పోస్టు చేస్తుంటారు. చూడటానికి బాగుంటుంది గానీ, అందులోని వాక్యం కొట్టి వెతికితే గూగుల్‌లో సాధారణంగా రాదు. అదే వాక్యం యూనికోడ్ తెలుగులో, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవడానికీ వెతకడానికీ వీలైన అక్షరాల్లో, ఒక పేజీలో ఉంటే పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది. 2005 తర్వాత తెలుగు బ్లాగులు జోరుగా నడిచిన రోజుల్లో లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి బ్లాగ్‌స్పాట్‌లో పెట్టిన రాతలు ఈరోజు వెతికినా వస్తున్నాయి. ఆ బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన హారం లాంటి సైట్లు ఆగిపోయినా, బ్లాగులు చాలావరకు అలాగే ఉన్నాయి. (మీకూ అలాంటి పాత బ్లాగు ఉంటే, దాని జీమెయిల్‌లోకి అప్పుడప్పుడూ లాగిన్ అవుతూ ఉండండి. రెండేళ్ళు అసలు వాడని ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది.)

ఇక, ఇన్‌స్టా లాంటి చోటు మనది కాదన్న సంగతి. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్‌లో లక్షలమందిని సంపాదించుకున్న తెలుగు కుర్రాళ్ళకి, గృహిణులకి ఒక్కసారిగా పేజీయే లేకుండా పోయింది. చూసేవాళ్ళు ఎక్కడికీ పోలేదు, వాళ్ళని మళ్ళీ పిలిచే దారే పోయింది. అప్పటికే యూట్యూబ్‌లో కూడా పెడుతున్నవాళ్ళు తట్టుకున్నారు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, తెలుగులోనూ నడిచిన సోషల్ యాప్ "కూ" 2024లో మూతపడ్డాయి. షాపులవాళ్ళకి గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు కూడా 2024 మార్చిలో ఆగిపోయాయి. ఆ అడ్రసు విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నవాళ్ళు కార్డులు మార్చుకోక తప్పలేదు.

లింక్డ్‌ఇన్: ఉద్యోగానికి, అంతవరకే

అమీర్‌పేటలో కోర్సు ముగించి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి మొదట కావలసింది ఇదే, ఇందులో రెండో మాట లేదు. పేరు వెతికితే పై వరసలోనే వచ్చే వాటిలో లింక్డ్‌ఇన్ ఒకటి. హెచ్‌ఆర్‌వాళ్ళు వెతికేది కూడా అక్కడే. ప్రొఫైల్ అడ్రసు చివర ఉండే అంకెల తోకని తీసేసి పేరు పెట్టుకోవచ్చు. నిమిషం పని, చాలామంది చేయరు.

ఉద్యోగంలో ఉంటూ ఇంకోటి వెతుకుతుంటే ఒక జాగ్రత్త అవసరం. "ఓపెన్ టు వర్క్"ని అందరికీ కనబడే ఆకుపచ్చ రింగుగా పెట్టొచ్చు, రిక్రూటర్లకి మాత్రమే కనబడేలా కూడా పెట్టొచ్చు. రెండోది ఎంచుకుంటే మీ కంపెనీ రిక్రూటర్లకి కనబడకుండా చూస్తామంటుంది గానీ, పూర్తి గ్యారంటీ ఇవ్వలేమని కూడా లింక్డ్‌ఇన్నే చెప్తుంది.

ఫ్రెషర్లకి దీని పక్కన, రాసిన కోడు పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఖాతా ఉండాలి అంటారు. నిజమే, కానీ ఒకే బ్యాచ్‌లో నలభై మంది గిట్‌హబ్‌లోనూ అదే షాపింగ్ కార్ట్ ప్రాజెక్టు ఉంటే అది ఉన్నా లేనట్టే. మీ కాలనీలో నీళ్ళ ట్యాంకర్ బుకింగుల లెక్క రాసే చిన్న ప్రోగ్రామైనా సరే, మీ సొంతదైతే ఇంటర్వ్యూలో దాని గురించి మాట్లాడగలరు. గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ఒక వెబ్‌పేజీ కూడా పెట్టుకోవచ్చు. కోడు రాయడం వచ్చినవాళ్ళు సొంత సైటు కోసం ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు.

లింక్డ్‌ఇన్‌లో రోజూ పోస్టులు రాయడం మాత్రం నాకు ఎప్పుడూ అంత అవసరం అనిపించలేదు. "ఈరోజు క్యాబ్ డ్రైవర్ నాకు నేర్పిన పాఠం" లాంటివి రాసేవాళ్ళు ఇప్పటికే సరిపడా ఉన్నారు.

సొంత సైటు: ఖర్చు తక్కువ, చిక్కులు వేరే చోట

డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ, సైటు పేరు (డొమైన్) కొనడానికి ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, అటూ ఇటూగా. మొదటి ఏడాది ఆఫరులో వంద, రెండు వందలకే ఇచ్చి రెండో ఏడాది అసలు రేటు వేస్తారు. కాబట్టి కొనే ముందు చూడాల్సింది రెన్యువల్ రేటు. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా దొరుకుతాయి. ముచ్చటగా ఉంటుంది కానీ, ఇంగ్లిష్ కీబోర్డు మీద వెతికేవాళ్ళ కోసం ఇంగ్లిష్ అక్షరాల పేరు కూడా కొనాల్సి వస్తుంది. పేరు కొన్నాక దాన్ని ఉచిత బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్) పేజీకి తగిలించుకోవచ్చు. హోస్టింగ్‌కి, అంటే పేజీలని ఇంటర్నెట్‌లో ఉంచడానికి, వేరే డబ్బు అక్కర్లేదు. రేపు బ్లాగర్ నచ్చకపోతే వర్డ్‌ప్రెస్‌కి మారినా అడ్రసు అదే ఉంటుంది. సొంత సైటులో అసలు లాభం ఇదే.

అసలు చిక్కు సైటు కట్టించుకునే దగ్గర వస్తుంది. ఐదారు వేలకి సైటు చేసిపెడతానన్న కుర్రాడు డొమైన్‌ని తన ఖాతాలో, తన మెయిల్ ఐడీతో కొంటాడు. రెండేళ్ళ తర్వాత అతను ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్ళిపోతాడు, నంబరు మారుతుంది. గడువు తీరిందని వచ్చే మెయిల్ మీకు రాదు. డాట్ కామ్ పేరైతే గడువు దాటాక కొన్నాళ్ళు అసలు యజమాని తిరిగి తీసుకోవచ్చు. చివరి 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) దశలో మాత్రం మామూలు రేటు మీద పెద్ద జరిమానా పడుతుంది. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే డొమైన్ మీ మెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. సైటు పని మాత్రం అతనికి అప్పగించండి. ఒకేసారి పదేళ్ళ వరకు కొనుక్కునే వీలుంది. మర్చిపోయే అలవాటు ఉన్నవాళ్ళకి అది మంచి పద్ధతి.

ఇంగ్లిష్‌లో పేరు స్పెల్లింగు దగ్గర కూడా కాస్త ఆలోచించాలి. లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్ళున్నారు, కె-ఎస్-హెచ్‌తో రాసేవాళ్ళున్నారు. ఆధార్ మీద ఒకటి, టెన్త్ సర్టిఫికెట్ మీద ఇంకొకటి, ఇన్‌స్టాలో మూడోది ఉంటే వెతికేవాళ్ళు ముగ్గురు మనుషులనుకుంటారు. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి. ఇక శ్రీనివాస్, సాయికుమార్ లాంటి పేర్లయితే ఒట్టి పేరుతో పైకి రావడం అయ్యే పని కాదు. "శ్రీనివాస్ ఫోటోగ్రాఫర్ బోడుప్పల్" అని పనినీ ఏరియానీ కలిపితే దారి దొరుకుతుంది, ఎందుకంటే ఫోన్లలో కూడా జనం నంబరు అలాగే సేవ్ చేసుకుంటారు.

పాత డీటీపీ ఫైళ్ళున్న రచయితలకి ఒక మాట. అను ఫాంట్లలో టైపు చేసింది నేరుగా అతికిస్తే వెబ్‌లో గందరగోళపు అక్షరాలుగా వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, మార్చాక ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చదువుకోవాలి.

సొంత సైటు లోపం కూడా చెప్పాలి. అక్కడికి ఎవరూ తమంతట తాము రారు. ఎంత బాగా కట్టినా, మీ పేరు ముందే విన్నవాళ్ళే ఎక్కువగా వస్తారు. ఇంకా ఏమీ చేయకుండా, ఎవరికీ తెలియకుండా ఉన్నప్పుడు సైటు కట్టుకుంటే చూసేది మీరూ మీ ఇంట్లోవాళ్ళే. కట్టి వదిలేసిన సైటు అంతకంటే అన్యాయం. "ఉగాది బ్యాచ్ అడ్మిషన్లు 2019" అని మొదటి పేజీలో కనబడితే, క్లాసులు ఎప్పుడో ఆపేశారనుకుని వెళ్ళిపోతారు.

మ్యాప్స్, యూట్యూబ్ గురించి రెండు ముక్కలు

ఊళ్ళో మనుషులకి సేవ అందించే ఎవరికైనా, అంటే ట్యూషన్, టైలరింగ్, ఏసీ రిపేరు, డాన్సు క్లాసు, మ్యాప్స్‌లో కనబడే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉండి తీరాలి. ఉచితం. "నా దగ్గర్లో" అని వెతికేవాళ్ళకి మీరు కనబడేది అక్కడే. ఇంట్లోంచి పనిచేసే ఆడవాళ్ళు ఇంటి అడ్రసు బయటపెట్టడానికి జంకుతారు, ఆ జంకు సబబే. కస్టమర్ల దగ్గరికి మీరే వెళ్ళే పనైతే, అడ్రసు దాచి ఏయే ఏరియాలకి వస్తారో మాత్రమే చూపించుకోవచ్చు. రివ్యూలు మాత్రం అడిగితేనే వస్తాయి. పని బాగుందని వాట్సాప్‌లో పొగిడినవాళ్ళకి వెంటనే లింకు పంపితే రాస్తారు, వారం ఆగితే రాయరు.

యూట్యూబ్‌ని ఆదాయం కోసం చూస్తే దూరం ప్రయాణం. ప్రకటనల్లో వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. వీణ టీచరుకి ఆ లెక్క అవసరమే లేదు. ఆవిడ సరళీ స్వరాలు వాయిస్తూ చెప్పిన ఒక్క వీడియో, వంద మందే చూసినా, ఆ తాతగారిని ఒప్పించడానికి చాలు. లింకు నొక్కగానే లాగిన్ అడగకుండా ఆడుతుంది.

కాబట్టి ఆ టీచరుకి నేను చెప్పేది: ముందు మ్యాప్స్, తర్వాత రెండు వీడియోలు, వాటిని పెట్టుకునే ఒక పేజీ సొంత సైటు. ఇన్‌స్టా ఇష్టముంటే చూసుకోవచ్చు. కేకుల ఆవిడకి ఇన్‌స్టా, మ్యాప్స్ చాలు, సైటు అక్కర్లేదు. కానీ కస్టమర్ల నంబర్లు మాత్రం ఫోన్‌లో విడిగా ఉండాలి. "మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మోసం మెసేజ్‌తో ఇన్‌స్టా ఖాతాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, నంబరు మార్చినప్పుడు పాత సిమ్ వదిలేసే ముందే అన్ని ఖాతాల్లో కొత్త నంబరు ఎక్కించుకోవడం అంత ముఖ్యం. ఓటీపీ పాత సిమ్‌కి వెళ్తే ఖాతా మీదైనా లోపలికి వెళ్ళడం గగనమే.

రచయితలకి మాత్రం నా ఓటు మొదటి రోజు నుంచీ సొంత సైటుకే, ఫేస్‌బుక్‌లో ఎన్ని లైకులొస్తున్నా సరే. అక్కడ రాసింది ఇక్కడ కూడా ఒక కాపీ పెట్టుకుంటే చాలు. అసలు పేరుతో రాయడం కుదరనివాళ్ళు, ముఖ్యంగా ప్రవర్తనా నియమావళి వర్తించే ప్రభుత్వ ఉద్యోగులు, ముందు ఆఫీసులో రూల్సు కనుక్కోవాలి. కలం పేరుతో మొదలుపెడితే దానికి వేరే మెయిల్ ఐడీ తీసుకోండి. మీరు మామూలుగా వాడే ఫోన్ నంబరుతో తెరిచిన ఖాతా అయితే, కాంటాక్టుల్లో మీ నంబరు ఉన్న సహోద్యోగులకి "మీకు తెలిసినవారు కావచ్చు" అని ఆ కలం పేరునే చూపించే ప్రమాదం ఉంది.