టర్ఫ్ పరిచే ముందు నీళ్ల దారి: వాలా, కంకరా, ఇంకుడు గుంతా?

నెల్లూరులో ఇంటి ముందు కాస్త జాగా ఉంటే చాలు, ఇప్పుడు అందరి చూపూ ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీదే, అంటే పరుపులా పరిచే ప్లాస్టిక్ గడ్డి. నీళ్లు పెట్టక్కర్లేదు, గడ్డి కోయక్కర్లేదు, పిల్లలు ఆడుకుంటారు. షాపులో అడిగితే "అడుగున చిల్లులుంటాయి సార్, నీళ్లు వాటంతటవే దిగిపోతాయి" అంటారు. చిల్లులున్న మాట నిజమే. దిగిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోవాలి? అది ముందు తేల్చుకోకుండా టర్ఫ్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దని నా గట్టి సలహా.

మన వానల తీరు వేరు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. అదీ వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో కుమ్మరించేస్తుంది. 2015 నవంబరునూ, 2021 నవంబరునూ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. చిన్న జల్లులకు సరిపోయే ఏర్పాటు మనకు చాలదు.

ఒక లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న పెరడు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2,800 లీటర్ల నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అదే వాన పడితే 9,000 లీటర్ల పైమాటే. చాలా ఇళ్లలో ఆ డాబా గొట్టం సరిగ్గా పెరట్లోకే వదిలేసి ఉంటుంది. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఆ గొట్టాన్ని పక్కకు మళ్లించి నేరుగా కాలువకో, వేరే గుంతకో కలపండి. సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఇక మూడు దారుల్లో అన్నిటికన్నా చవక వాలు. నేలను చదును చేసి, పది అడుగులకు అంగుళంన్నర చొప్పున కాలువ వైపు వాలు ఇవ్వాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లోనూ, కోవూరు, ఇందుకూరుపేట వైపు ఒకప్పటి మాగాణుల్లో వేసిన ప్లాట్లలోనూ ఇది తప్పనిసరి. ఆ మట్టి నీళ్లను తాగదు, పైపైనే పంపించేయాలి. కానీ దీనికో చిక్కుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, కాలువ అంచులు లేచాయి, పాత ఇళ్ల పెరళ్లు గుంటలయ్యాయి. మేస్త్రీ దగ్గరుండే లెవల్ ట్యూబులో నీళ్లు నింపి, ఒక కొస పెరట్లో, మరో కొస వీధి కాలువలో పట్టి చూడమనండి. కాలువలో వానాకాలం నీటి మట్టం మన నేలకన్నా పైన ఉంటే, ఎంత వాలు ఇచ్చినా వీధి నీళ్లే లోపలికొస్తాయి. అప్పుడు పెరడు ఎత్తు పెంచక తప్పదు. పెంచేటప్పుడు ఇంటి బేస్‌మెంట్ (పునాది పై అంచు) కన్నా కనీసం అర అడుగు కింద ఆపేయండి, లేకపోతే గోడలకు చెమ్మ ఎక్కుతుంది.

రెండోది కంకర పరుపు, దాని కింద చిల్లుల పైపు. ఖర్చు ఎక్కువ, పని ఎక్కువ, కానీ టర్ఫ్‌కు నిజంగా సరిపోయే అడుగు ఇదే. మట్టిని ఐదారు అంగుళాలు తీసేసి, అడుగు మట్టికే వాలు ఇచ్చి, జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) పరవాలి. దాని మీద మూడంగుళాలు 20 ఎంఎం కంకర, ఆపైన అంగుళం 6 ఎంఎం చిప్స్ (సన్న కంకర) పోసి దిమ్మిస వేయాలి. పల్లం వైపు చిన్న గాడి తీసి, నాలుగంగుళాల పైపును చిల్లులు కిందికి ఉండేలా పెట్టి, బట్ట చుట్టి, కంకరతో కప్పి, మూత తీసి శుభ్రం చేసుకునేలా ఒక చాంబరుకు కలపాలి. ముందు చెప్పిన 300 చదరపు అడుగులకు నాలుగంగుళాల మందాన సరిగ్గా వంద సీఎఫ్‌టీ (ఘనపు అడుగుల) కంకర పడుతుంది. రాళ్ల మధ్య ఖాళీల్లోనే వెయ్యి లీటర్లకు పైగా నిలిచి, మెల్లగా పైపులోకి జారుతుంది. జోరు వానకు ఆ కాస్త జాప్యమే మనకు కావాల్సింది.

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. కంకర బదులు మట్టి కలిసిన ఎర్ర గ్రావెల్ పోసి రోలర్ తిప్పేస్తారు. చవకగా వస్తుంది, చూడ్డానికి నున్నగా ఉంటుంది. వేదాయపాలెంలో మా బంధువుల ఇంట్లో అలాగే చేశారు. వాన వెలిసిన మర్నాడు కూడా టర్ఫ్ మీద కాలు వేస్తే అంచుల నుంచి బుడబుడమని నీళ్లు పొంగేవి. ఒక మూల ఎత్తి చూస్తే గ్రావెల్ సిమెంటు గచ్చులా బిగుసుకుని, దాని మీద నీళ్లు మురిగి వాసన కొడుతున్నాయి. టర్ఫ్‌లో లోపమేమీ లేదు. గ్రావెల్‌లోని బంకమట్టే దారి మూసేసింది. క్రషర్ డస్ట్ (రాతిపొడి) ఒక్కటే మందంగా పోసినా ఇంచుమించు ఇదే గతి.

మూడోది ఇంకుడు గుంత. భూగర్భ జలం పెరుగుతుందని నాకూ దీని మీద అభిమానమే. కానీ టర్ఫ్ కింది నీళ్లకు ఇదొక్కటే దిక్కనుకుంటే మోసపోతాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంత తీసి రాళ్లు నింపితే అందులో పట్టేది సుమారు 600 లీటర్లే. మిగతాదంతా అప్పటికప్పుడు నేల తాగాలి. తాగుతుందో లేదో చూడటం తేలిక. అడుగున్నర లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి గంటకెంత దిగిందో కొలవండి. అంగుళం, అంతకు మించి దిగితే గుంత పనిచేస్తుంది. అర అంగుళం కూడా దిగకపోతే ఆ ఆలోచన మానుకోండి. కనిగిరి, ఉదయగిరి వైపు ఎర్రనేలల్లో చాలాచోట్ల బాగా దిగుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఇసుకలో ఇంకా వేగంగా దిగుతుంది, అయితే కార్తీకంలో పక్క బావిలో నీళ్లు ఎంత పైకొస్తాయో చూడాలి. నాలుగైదు అడుగుల్లోనే ఉంటే గుంత వానకు ముందే నిండిపోయి ఉంటుంది. నల్లరేగడిలో మాత్రం పునాది దగ్గర ఇంకుడు గుంత వద్దే వద్దు. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి, గోడల్ని కదిలిస్తుంది.

కాబట్టి నా ఓటు ఇలా. నల్లరేగడి, బంకమట్టి అయితే వాలు, కంకర, పైపు మూడూ కలిపి, నీళ్లు కాలువలోకి. ఎర్రనేల అయితే కంకర పరుపు, పైపు చివర ఇంటికి పదడుగుల దూరంలో ఇంకుడు గుంత. తీరం ఇసుకలో పైపు కూడా అక్కర్లేదు, బట్ట, కంకర చాలు. డబ్బులు తక్కువైతే టర్ఫ్ రకం కాస్త తగ్గించుకోండి గానీ అడుగు పని తగ్గించొద్దు. టర్ఫ్‌ను మళ్లీ కొనుక్కోవచ్చు, అడుగు బాగు చేయాలంటే పైనున్నదంతా పీకాలి.

ఇప్పటికే సిమెంటు గచ్చు ఉన్నవాళ్లకు పని చిన్నదే. గచ్చుకు వాలు ఉందా, నీళ్లు నిలిచే పల్లాలున్నాయా చూసి, పల్లాలను పూడ్చి, టర్ఫ్ కింద నీళ్లు పారే ప్లాస్టిక్ డ్రైనేజ్ షీటు వేస్తే సరిపోతుంది.

పని మే, జూన్ నెలల్లో పెట్టుకుంటే మట్టి ఆరి ఉంటుంది, లెవల్ తప్పదు. కంకర పని అయ్యాక టర్ఫ్ వాళ్లను వెంటనే పిలవకండి. హోస్ పైపు పెట్టి ఓ గంటసేపు నీళ్లు వదిలి, చాంబరు మూత తీసి చూడండి. నీళ్లు ధారగా వస్తుంటేనే రోల్ విప్పమనండి.