ఇంట్లో నెయిల్ ల్యాంప్: పర్లాకిమిడి నుంచి రెండేళ్ల వాడకం మీద సమీక్ష

జెల్ నెయిల్ పాలిష్‌ని యూవీ (అతినీలలోహిత) వెలుగుతో ఆరబెట్టే నెయిల్ ల్యాంప్ కొనేటప్పుడు అందరి కళ్లూ డబ్బా మీది వాట్ల అంకె మీదే ఉంటాయి. నేనైతే ముందు అడాప్టర్ తిరగేసి చూడమంటాను. నా ల్యాంప్ డబ్బా మీద 48 వాట్లు అని పెద్దగా రాసుంది. అడాప్టర్ మీద చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24. వచ్చేదే అంతైతే ల్యాంప్ 48 ఎక్కణ్ణుంచి తెస్తుంది? అయినా రెండేళ్ల పైమాటగా పని బాగానే చేస్తోంది. ఇంటికి ఆ 24 చాలు, అంకెకి డబ్బులు పొయ్యక్కర్లేదు.

పాతపట్నంలో మా వదిన దగ్గర పాత ట్యూబుల ల్యాంప్ ఉంది, 9 వాట్లవి నాలుగు. పూతకి రెండు నిమిషాలు పడుతుంది, ట్యూబులు నీరసిస్తే మార్చుకోవాలి. నాది ఎల్‌ఈడీ, నిమిషంలో పని అయిపోతుంది. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల రకం కాబట్టి ఇక్కడి లో వోల్టేజీతో టెన్షన్ లేదు. వెలుగు తరంగదైర్ఘ్యం 365, 405 నానోమీటర్లు రెండూ ఉన్నది తీసుకుంటే ఎక్కువ రకాల జెల్స్ ఆరతాయి.

అసలు పరీక్ష బొటనవేలు. నాలుగు వేళ్లతో కలిపి లోపల పెడితే అది పక్కకి ఒరుగుతుంది, ఆ అంచున వెలుగు పడక జెల్ పచ్చిగా ఉండిపోతుంది. అందుకే బొటనవేళ్లు రెండూ విడిగా, గోరు పైకి ఉండేలా పెడతాను. పైన కాస్త జిగురుంటే కంగారు పడొద్దు, గాలి తగిలే పైపొర అలాగే ఉంటుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. గోటితో నొక్కితే సొట్ట పడిందంటే మాత్రం లోపల ఆరలేదన్నట్టే. నలుపు, ముదురు మెరూన్ మరీ మొండివి. రంగే వెలుగుని అడ్డుకుంటుంది, పల్చగా పుయ్యాల్సిందే. ఎప్పుడూ ఒకే వేలి దగ్గర పచ్చిగా ఉంటోందంటే అక్కడి ఎల్‌ఈడీ పోయిందేమో చూడండి.

మందంగా పూస్తే గోరు చుర్రుమంటుంది, జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది మరి. 99 సెకన్ల మోడ్ వెలుగుని మెల్లగా పెంచుతుంది. నాకు బాగా నచ్చిన సదుపాయం అదే.

చర్మం సంగతి. 2023లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు ఈ వెలుగుని ల్యాబులో కణాల మీద 20 నిమిషాలు పెడితే 20 నుంచి 30 శాతం చచ్చిపోయాయి. అవి గిన్నెలో కణాలు, మన చేతులు కావు. అయినా నేను వేళ్ల కొసలు కత్తిరించిన గ్లౌజులు వేసుకునే కూర్చుంటాను. అంతకంటే భయపడాల్సింది పచ్చి జెల్ చర్మానికి అంటడం. ఎలర్జీ పట్టుకుంటే వదలదు. సీసా మీద టీపీఓ (వెలుగు తగిలితే జెల్ గట్టిపడేలా కలిపే రసాయనం) ఉందేమో కూడా చూస్తాను, యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని నిషేధించింది.

రజ పండగ వస్తే పక్కింటి ఒడియా ఆడపిల్లలు పారాణి పెట్టుకున్న కాళ్లతో మా అరుగెక్కేస్తారు, ‘అక్కా, కాలి గోళ్లకి కూడా’ అంటూ. అడుగు పళ్లెం ఊడొచ్చే ల్యాంప్ విలువ అప్పుడు తెలుస్తుంది, పాదం మీద అలా బోర్లించేస్తే సరి. మౌస్ అంత ఉండే చిన్న ల్యాంపులు వందల్లోనే దొరుకుతాయి కానీ, వాటితో ఒకటి రెండు వేళ్లకి మించి పెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.