ఉప్పాడ రోడ్డు, 84 వేల కిలోమీటర్లు: బ్రేకులు షోరూంలోనా, ఇంట్లోనా?

నాది 150 సీసీ బండి, 2014లో కొన్నాను. ముందు 240 మిల్లీమీటర్ల డిస్క్ బ్రేకు, వెనుక 130 మిల్లీమీటర్ల డ్రమ్ బ్రేకు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. కాకినాడ నుంచి ఉప్పాడకు బీచ్ రోడ్డు మీదుగా రోజూ వెళ్లి వస్తాను. తుపాను రోజుల్లో అక్కడ అలలు గట్టు దాటి రోడ్డు మీద పడతాయి, ఒక్కోసారి రోడ్డునే కోసుకుపోతాయి. మామూలు రోజుల్లో కూడా సాయంత్రానికి పెట్రోలు ట్యాంకు మీద వేలు పెట్టి రాస్తే ఉప్పు తగులుతుంది. మీటరు ఇప్పుడు 84 వేలు చూపిస్తోంది. మొదటి 31 వేల కిలోమీటర్లూ బ్రేకుల పని షోరూంలోనే చేయించాను. ఆ తర్వాత నుంచి ఇంట్లో నేనే చేసుకుంటున్నాను.

అందరూ మొదట అడిగేది డబ్బు గురించే కాబట్టి ఆ లెక్క ముందే చెప్పేస్తాను. 2018లో షోరూంలో ముందు చక్రం ప్యాడ్లు (డిస్కును రెండువైపులా పట్టి ఆపే పలకలు) మార్చితే ప్యాడ్లకు 380, లేబర్‌కు 180, శుభ్రపరిచే సామాను పేరుతో 60 రూపాయలు, మొత్తం 620 అయ్యేది. అవే ప్యాడ్లు కంపెనీ విడిభాగాల దుకాణంలోనూ 380కే దొరికేవి. అంటే ఇంట్లో చేసుకుంటే మిగిలేది 240 రూపాయలు. సాకెట్ల పెట్టె, టార్క్ రెంచి, అలెన్ కీలు కలిపి నాకు 3,400 అయ్యాయి. ఈ ఏడేళ్లలో మూడుసార్లు ప్యాడ్లు, రెండుసార్లు వెనుక షూలు (డ్రమ్‌ను లోపలి నుంచి ఒత్తి ఆపే ముక్కలు) మార్చాను. మిగిలిన లేబర్ డబ్బుతో ఆ పనిముట్ల ఖరీదు ఇంకా పూర్తిగా తీరలేదు. కేవలం డబ్బు ఆదా కోసమే అయితే ఈ పని పెట్టుకోవద్దని నా సలహా.

నన్ను ఇంటి దారి పట్టించింది వేరే సంగతి. బండితో వచ్చిన ప్యాడ్లు 14 వేల కిలోమీటర్లు నడిచాయి. షోరూంలో వేసినవి 9 వేలకే అరిగిపోయాయి. ఆ తర్వాత వేసినవి 8 వేలకే గరగరమన్నాయి. అడిగితే సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదగానే, "బీచ్ రోడ్డులో తిరుగుతారు కదండీ, అలాగే అరుగుతాయండీ" అన్నాడు. వరసగా రెండోసారి అదే జవాబు విన్నాక, ఆ ఆదివారం వాకిట్లో సెంటర్ స్టాండు వేసి, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను నేనే విప్పాను.

విప్పిన రెండు ప్యాడ్లనూ దినపత్రిక మీద పక్కపక్కన పెట్టి చూశాను. బయటి ప్యాడ్‌లో సగానికి పైగా మందం ఉంది, అరుగుదల తెలియడానికి మధ్యలో ఉండే గాడి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. లోపలి ప్యాడ్‌లో డిస్కును రాసుకునే పొర ఒక మూల పూర్తిగా పోయి, వెనుక ఇనప రేకు వెండిలా మెరుస్తోంది. ఒకే రోజు వేసిన జత, ఒకే డిస్కును పట్టుకునే జత ఇలా ఎందుకు అరగాలి?

కారణం కాలిపర్ జారే పిన్నుల్లో ఉంది. ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ముందుకు వచ్చే దిమ్మె) ఒకవైపే ఉంటుంది. చేతి బ్రేకు లివర్ నొక్కగానే అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు తాకిస్తుంది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది, లివర్ వదిలాక కూడా డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. నా బండి పిన్నుల మీద గ్రీజు జాడ లేదు, ముదురు ఎర్రటి తుప్పు ఉంది. చేత్తో లాగితే ఒకటి కదలనే లేదు. అంటే కారణం సముద్రపు గాలే, అడ్వైజర్ చెప్పిన మాట నిజమే. అయితే దానికి మందు పది నిమిషాల శుభ్రం, చిటికెడు గ్రీజు. రెండు మార్పిడుల్లోనూ ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మెకానిక్‌ను తప్పు పట్టను, రోజుకు అన్ని బళ్లు చూసే మనిషికి ఇచ్చే సమయమే అంత. ప్యాడ్లు మార్చే లేబర్‌లో పిన్నుల పని లెక్కలోకి రాదు.

సన్నటి ఎమెరీ కాగితంతో పిన్నుల తుప్పు తీసి, రబ్బరు తొడుగులు తుడిచి, సిలికోన్ గ్రీజు పలుచగా రాశాను. మామూలు గ్రీజు వాడకండి, అది తొడుగు రబ్బరును ఉబ్బిస్తుంది, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. అప్పుడు వేసిన ప్యాడ్లు 17 వేల కిలోమీటర్లు వచ్చాయి. తర్వాతి జత 18 వేలు. ఇప్పుడున్నవి 66 వేల దగ్గర వేసినవి, గాడి ఇంకా కనిపిస్తూనే ఉంది. అదే రోడ్డు, అదే ఉప్పు, నడిపేదీ నేనే. ప్రతి వానాకాలం ముందు ఒకసారి పిన్నులు తీసి చూసుకుంటాను.

ఇంటి పనిలో ప్రమాదం లేదని మాత్రం చెప్పను. 48 వేల దగ్గర ప్యాడ్లు మార్చినప్పుడు, కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను వెనక్కి నెట్టి అన్నీ బిగించాను. బండి స్టాండు దించి వాకిలి వాలు మీద నుంచి వీధిలోకి జారాను. లివర్ నొక్కితే హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వచ్చేసింది, ముందు బ్రేకు అసలు పడలేదు. వెనుక బ్రేకు ఆపింది. వీధిలో అప్పుడే సైకిల్ మీద వెళుతున్న పిల్లవాడిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్‌ను మళ్లీ తాకాలంటే లివర్‌ను పదిసార్లు, పదిహేనుసార్లు నొక్కి వదలాలి. అది గట్టిపడేదాకా ఇప్పుడు తాళంచెవి ఇంట్లోనే ఉంచుతాను. గట్టిపడ్డాక కూడా బండిని చేత్తో తోస్తూ రెండు బ్రేకులూ చూసుకున్నాకే ఎక్కుతాను. కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదగడానికి రెండు, మూడు వందల కిలోమీటర్లు పడుతుంది, అందాకా నెమ్మదిగానే నడుపుతాను.

ఇంకో జాగ్రత్త. పిస్టన్ వెనక్కి వెళ్లేటప్పుడు హ్యాండిల్ దగ్గరి డబ్బీలో బ్రేక్ ఆయిల్ పైకి లేస్తుంది. నిండుగా ఉంటే పొంగుతుంది, పడిన చోట రంగు లేచిపోతుంది. ట్యాంకు మీద తడి గుడ్డ పరచుకోండి.

వెనుక డ్రమ్ పని ఇంతకంటే శ్రమ, చక్రం మొత్తం ఊడదీయాలి. బ్రేక్ రాడ్డు, చైను, ఇరుసు అన్నీ తీసి పెట్టాలి, మళ్లీ బిగించేటప్పుడు చైను సర్దే గుర్తులు రెండువైపులా ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. డ్రమ్‌లోని ధూళిని నోటితోగానీ గాలి గొట్టంతోగానీ ఊదకండి. పాతకాలపు లైనర్లలో (షూల మీద అరిగే పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటి ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి గుడ్డతో తుడిచేయాలి. షూలను విడదీసి డ్రమ్‌కు ఒత్తే క్యామ్‌కు గ్రీజు చుక్క చాలు, ఎక్కువైతే లైనర్ మీదికి పాకుతుంది.

షోరూంకు నేను ఇప్పటికీ ఇచ్చే పని ఒకటుంది, బ్రేక్ ఆయిల్ మార్పిడి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది, ఆయిల్ మరిగి బుడగలు వస్తే బ్రేకు సరిగా పడదు. మా ఊరి గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి రెండేళ్లకోసారి మార్పిస్తాను. గొట్టంలో గాలి బుడగ మిగిలితే లివర్ మెత్తబడుతుంది, అది తీయడం చేయి తిరిగిన మనిషి పని. దానికి ఇచ్చే మూడు వందల రూపాయలకు నేను ఎన్నడూ బాధపడలేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బండి అయితే ఆయిల్ జోలికి ఇంట్లో అసలు వెళ్లవద్దు. ప్యాడ్ల పని మాత్రం దాదాపు ఇదే.

ఇంట్లో పానా పట్టడం ఇష్టం లేనివాళ్లు, అంత తీరిక లేనివాళ్లు షోరూంకే వెళ్లండి. బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద "కాలిపర్ పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి" అని రాయించండి, పాత ప్యాడ్లు తిరిగి ఇవ్వమనండి. రెండూ ఒకేలా అరిగాయో లేదో చూస్తే పిన్నుల సంగతి మీకే తెలిసిపోతుంది. మా తమ్ముడు రెండేళ్లుగా ఇలాగే చేయిస్తున్నాడు, వంద రూపాయలు ఎక్కువ తీసుకున్నా పని బాగా చేస్తున్నారు.

మొన్న 79 వేల దగ్గర షూలు మార్చినప్పుడు అరిగేకొద్దీ పెరిగే డ్రమ్ లోపలి వ్యాసం కొలిచాను, 130.6 మిల్లీమీటర్లు వచ్చింది. డ్రమ్ మీదే పోతపోసిన అక్షరాల్లో హద్దు 131 అని ఉంది. వచ్చేసారి షూలతో పాటు హబ్ (డ్రమ్ ఉండే చక్రం మధ్య భాగం) కూడా మార్చాల్సి రావచ్చు. చక్రం ఆకులు (స్పోకులు) విప్పి కొత్త హబ్‌కు ఎక్కించి చక్రం వంకర లేకుండా సరిచేయడం నాకు చేతకాదు, ఆ పని షోరూంకే ఇస్తాను. జూన్ రాకముందే కాలిపర్ మాత్రం నేనే విప్పుతాను.