డాలస్, డెన్వర్: ఒక ఐస్ హాకీ ప్లేఆఫ్ సిరీస్ వెంట ప్రయాణం

ఐస్ హాకీ ప్లేఆఫ్ సిరీస్‌ను అరీనాలో కూర్చుని చూడదలచుకున్నవారు అన్నిటికన్నా ముందు తేదీల లెక్క చూసుకోవాలి. ఏడు ఆటల సిరీస్‌లో నాలుగు గెలిచిన జట్టు ముందుకు వెళుతుంది కనుక తప్పక జరిగేవి మొదటి నాలుగే. ఆ తరువాతి మూడూ అప్పటి గెలుపోటముల మీద ఆధారపడతాయి. జరగని ఆటకు టికెట్ సొమ్ము వెనక్కు వస్తుంది గానీ, తక్కువ ధరకు ఆశపడి రద్దు వీలులేకుండా తీసుకున్న హోటల్ గదికి పైసా కూడా రాదు. 2025 ఏప్రిల్ 19 నుంచి మే 3 వరకు డాలస్ స్టార్స్, డెన్వర్‌కు చెందిన కొలరాడో అవలాంచ్ జట్ల మధ్య నడిచిన తొలి రౌండ్ సిరీస్‌లో కొన్ని ఆటలను రెండు ఊళ్లలోనూ చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: ఆట కోసం ప్రయాణమయ్యేవారికి డెన్వర్ సుఖం, మన కుటుంబాలతో ఉండేందుకు డాలస్ సుఖం.

ఈ రెండు జట్ల వైరం పాతది. మిన్నెసోటా నుంచి 1993లో డాలస్‌కు తరలివచ్చిన స్టార్స్, క్విబెక్ నుంచి 1995లో డెన్వర్ చేరిన అవలాంచ్, 1999, 2000 సంవత్సరాల్లో వరుసగా రెండుసార్లు పశ్చిమ విభాగపు ఫైనల్లో తలపడగా రెండుసార్లూ ఏడో ఆటలోనే డాలస్ నెగ్గింది. ఈసారి దానికి మరో ముడి పడింది. డెన్వర్ జట్టులోనే ఆటగాడిగా ఎదిగి, 2022లో ఆ జట్టుతోనే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన మిక్కో రాంటనెన్‌ను అవలాంచ్ జనవరిలో కరొలైనా జట్టుకు ఇచ్చివేసింది. మార్చిలో అతడు డాలస్ జట్టులో తేలాడు. పాత ఇంటిమీదికే యుద్ధానికి రావలసి వచ్చిన ఆటగాణ్ణి చూడాలన్న కుతూహలం లేకపోతే నేను డెన్వర్ దాకా వెళ్లేవాణ్ణి కానేమో.

డాలస్‌లో ఆట జరిగేది విక్టరీ పార్క్‌లోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో. 2001లో తెరిచిన ఈ భవనాన్ని బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ కూడా పంచుకుంటుంది. కారులో వెళితే పార్కింగ్‌కు పెట్టే సొమ్ముకన్నా, ఆట ముగిశాక బయటపడడానికి పట్టే సమయమే ఎక్కువ బాధిస్తుంది. డాలస్ ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ డార్ట్ నడిపే ఆరెంజ్ లైన్ రైలు డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్–ఫోర్ట్ వర్త్) విమానాశ్రయంలో బయలుదేరి, ఇర్వింగ్ మీదుగా, అరీనాను ఆనుకుని ఉన్న విక్టరీ స్టేషన్‌కు వస్తుంది. మధ్యలో రైలు మారే పని లేదు. అందువల్ల బయటి ఊళ్ల నుంచి వచ్చేవారు ఇర్వింగ్‌లోని లాస్ కొలీనాస్ ప్రాంతంలో గది తీసుకోవడం ఉత్తమమని నా మాట. డౌన్‌టౌన్ హోటళ్లు ఆటరోజుల్లో ధర పెంచుతాయి, పైగా అక్కడ మన భోజనం దొరకడం కష్టం. ఇర్వింగ్‌లో పప్పన్నం నుంచి బిర్యానీ దాకా దేనికీ లోటు లేదు. ఫ్రిస్కోలో బంధువులు ఉన్నవారు సహజంగా అక్కడే దిగుతారు, దిగవచ్చు కూడా. స్టార్స్ జట్టు కార్యాలయమూ సాధన చేసే రింకూ (మంచు మైదానం) అక్కడే ఉన్నాయి, కార్యసిద్ధి హనుమాన్ ఆలయమూ అక్కడే ఉంది. అయితే ఫ్రిస్కోకు డార్ట్ రైలు లేదు కనుక ఆట రాత్రి కారు తప్పదు.

రాత్రి ఆటలకు తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించుకోవాలి. ప్లేఆఫ్‌లో సమమైన ఆటను పెనాల్టీలతో తేల్చరు. ఎవరో ఒకరు గోల్ చేసేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఓవర్‌టైమ్ ఆడుతూనే ఉంటారు. ఏప్రిల్ 21, సోమవారం నాటి రెండో ఆటలో కోలిన్ బ్లాక్‌వెల్ గోల్‌తో డాలస్ 4–3తో నెగ్గేసరికి మొదటి ఓవర్‌టైమ్ చివరికొచ్చింది. మర్నాడు ఆఫీసు ఉన్నవారు కొందరు ముందే లేచి వెళ్లిపోయారు. వారి ఇంట్లో ఆ రాత్రి ఏమి జరిగిందో ఊహించుకోవలసిందే.

డెన్వర్‌లో విమానం దిగినవారికి ‘ఎ’ (A) లైన్ అనే రైలు వరం. పది డాలర్ల టికెట్‌తో 37 నిమిషాల్లో యూనియన్ స్టేషన్ చేరుస్తుంది. అక్కడి నుంచి అవలాంచ్ ఆడే బాల్ అరీనాకు ఇరవై నిమిషాల లోపు నడక. టెక్సస్‌లో కారు లేకుండా అడుగు తీయలేని మాబోటివారికి ఇది చెప్పరాని హాయి. స్టేషన్ పరిసరాల్లోని గదులు ఖరీదైనవే. నేను మొదట ఊరికి దూరంగా, విమానాశ్రయం వైపున ఒక హోటల్లో దిగాను. షటిల్ బస్సు అరగంటకొకటి అని చెప్పినవారు రాత్రి వేళ ఫోన్ కూడా ఎత్తలేదు. టాక్సీ ఖర్చు కలుపుకుంటే అటు మిగిలింది ఏమీ లేదు కాబట్టి, ఆట చూసే రాత్రికైనా స్టేషన్ దగ్గర గది తీసుకోమనే చెబుతాను. ఊరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉండడంతో మొదటి రోజు తలనొప్పి, ముక్కు ఎండిపోవడం సాధారణం. నీళ్లు బాగా తాగాలి, పెద్దవాళ్లను దిగిన రోజే అరీనా మెట్లు ఎక్కించకూడదు. ఏప్రిల్ నెలాఖరులో కూడా అక్కడ మందపాటి కోటు అవసరం.

ఏప్రిల్ 23 నాటి మూడో ఆట కోసం డెన్వర్ ఎందుకంత ఎదురుచూసిందో మొదట నాకు అంతుబట్టలేదు. మోకాలి గాయంతో దాదాపు మూడేళ్లు ఆటకు దూరమైన అవలాంచ్ కెప్టెన్ గేబ్రియల్ లాండెస్కోగ్ ఆ రాత్రి తిరిగి మంచుమీద అడుగుపెట్టాడు. ఆ కేకలకు పక్క కుర్చీలోని మాట కూడా వినిపించలేదు. డాలస్‌లో ప్రేక్షకులు జాతీయగీతంలో నక్షత్రాల ప్రస్తావన రాగానే ఒక్కుమ్మడిగా అరుస్తారు, అది సరదాగా ఉంటుంది. డెన్వర్‌లో ఆ రాత్రి వినిపించిన దానిలో సరదాకన్నా ఆప్యాయత ఎక్కువ. ఆ ఆట టైలర్ సెగిన్ ఓవర్‌టైమ్ గోల్‌తో 2–1గా డాలస్ వశమైంది. నా ఒంటిమీది డాలస్ జట్టు ఆకుపచ్చ చొక్కా చూసి కూడా ఎవరూ పరుషంగా మాట్లాడలేదని చెప్పడం న్యాయం.

కుర్చీల విషయంలో నా సలహా చాలామందికి నచ్చదు. రింకు చుట్టూ ఉండే అద్దం పక్క వరుసలకు వందల డాలర్లు ఎక్కువ పోయడం ఆట కొత్తగా చూసేవారికి దండగ. దగ్గరి గోడ వెంట పక్ (బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ల) కనబడదు, పైగా మంచు చలి కాళ్లను పట్టేస్తుంది. పై అంతస్తులో ముందు వరుసలు దొరికితే 200 అడుగుల రింకు అంతా అరచేతిలో ఉన్నట్టు తెలుస్తుంది. శాకాహారులకు రెండు అరీనాల్లోనూ ఫ్రైస్, నాచోస్, పాప్‌కార్న్, చీజ్ పిజ్జా మించి ఆశించవద్దు. తిని వెళ్లడమే మంచిది.

ఆరో ఆటను డెన్వర్‌లో 7–4తో అవలాంచ్ గెలవగానే, ఒక్కరోజు వ్యవధిలో జరగబోయే ఏడో ఆటకు టికెట్ల ధరలు పైకి లేచాయి. టికెట్లను తిరిగి అమ్మే యాప్‌లలో మొదట కనబడే ధరకు అప్పట్లో ఆఖర్న రుసుములు కలిసేవి. మొత్తం చూపించే మీట నొక్కి పోల్చుకోవలసి వచ్చేది. మే 3, శనివారం రాత్రి ఆఖరిదైన మూడో పీరియడ్ (ఆటలో మూడో భాగం) తొలి నిమిషంలోనే డాలస్ 2–0తో వెనుకబడినప్పుడు, ఖర్చు పెట్టినవారి ముఖాలు చూడలేకపోయాను. ఆ తరువాత రాంటనెన్ తన పాత జట్టుమీద ఆ పీరియడ్‌లోనే మూడు గోల్స్ చేశాడు, వ్యాట్ జాన్‌స్టన్ గోల్‌కు తానే పక్ అందించాడు. ఆట 4–2, సిరీస్ 4–3. విక్టరీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఒక రైలు వదిలేసి రెండోది ఎక్కవలసి వచ్చినా, పార్కింగ్ నుంచి ఇంకా కదలని మిత్రులకన్నా ముందే ఇర్వింగ్ చేరాను.